భయపడితే విశ్వాసం లేనట్టేనా? ఆపరేషన్‌కు ముందు ఒక సందేహం

ప్రశ్న (తెనాలి నుండి, ఉపాధ్యాయిని)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ఆదివారాలు మా సంఘంలో పాటల బృందంతో కలిసి పాడతాను. థైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉందని, దానిని తీసివేయాలని డాక్టర్లు చెప్పారు. వచ్చే నెల మొదటి వారంలో ఆపరేషన్. పన్నెండేళ్ల క్రితం మా నాన్నగారు హెర్నియా ఆపరేషన్ కోసం తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ థియేటరులోకి వెళ్లి, ఇక తిరిగి రాలేదు. "మత్తు పడలేదు" అన్న ఒక్క మాట తప్ప మాకెవరూ ఏమీ చెప్పలేదు, అడిగే స్థితిలో మేమూ లేము.

నాకు తేదీ ఖరారైన రోజు నుండి ప్రతి రాత్రీ రెండున్నర ప్రాంతంలో మెలకువ వస్తోంది. అరచేతులు చెమటతో తడిసి ఉంటాయి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది. లేచి దీపం వేసుకుని 23వ కీర్తన తెరుస్తాను. చిన్నప్పుడు సండే స్కూలులో కంఠతా పట్టిన కీర్తనే, అయినా "గాఢాంధకారపు లోయలో" అన్న మాట దగ్గర కళ్లు నిలిచిపోతున్నాయి. ఆ తరువాతి మాటకు వెళ్లలేకపోతున్నాను.

మొన్న గృహప్రార్థనలో ఈ సంగతి చెప్పి నా కోసం ప్రార్థించమని అడిగాను. అక్కడున్న ఒక పెద్దాయన ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం 8వ వచనం తీయించి, అగ్నిగుండంలో పడేవారి వరుసలో మొట్టమొదట ఉన్నది పిరికివారేనని చదివించి, భయం ఉన్నచోట విశ్వాసం ఉండదమ్మా అన్నారు. ఆయన నన్ను బాధపెట్టాలని అన్నారని అనుకోను. కానీ ఆ రాత్రి నుండి నా భయం ఒకటి కాస్తా రెండయింది: ఆపరేషన్ అంటే భయం, ఇలా భయపడుతున్నానే అన్న భయం. నిజంగా భయపడటం పాపమేనా? కాకపోతే ఆ వచనానికి అర్థమేమిటి?

జవాబు (ఒంగోలు నుండి, వేదాంత కళాశాలలో బోధించి విరమించినవాడిని)

అమ్మా, ముందు వచనం సంగతి చూద్దాం. ప్రకటన గ్రంథం ఆసియాలోని, అంటే నేటి టర్కీ పశ్చిమ భాగంలోని, ఏడు సంఘాలకు రాసినది. అందులో స్ముర్న సంఘంవారు చెరసాలను, మరణాన్ని ఎదుర్కోబోతున్నారు; "నీవు పొందబోవు శ్రమలకు భయపడకుము" అని రెండో అధ్యాయంలో ప్రభువు వారికి ముందే ధైర్యం చెప్పాడు. అక్కడున్న ప్రశ్న క్రీస్తును ఒప్పుకోవడమా, తప్పించుకోవడానికి కాదనడమా అన్నది. 21వ అధ్యాయంలోని పిరికితనం, ప్రాణం దక్కించుకోవడానికి ప్రభువును వదిలిపెట్టిన పిరికితనం. ఆసుపత్రి గుమ్మం దగ్గర గుండె దడదడలాడటానికీ దానికీ సంబంధం లేదు.

మరో విషయం కూడా చెప్పాలి. అక్కడ "పిరికివారు" అని అనువదించిన గ్రీకు మాట దెయిలోస్. మత్తయి 8వ అధ్యాయంలో పడవ మునిగిపోతుందని కేకలు వేసిన శిష్యులను యేసు ప్రభువు "యెందుకు భయపడుచున్నారు" అని అడిగినప్పుడు వాడినదీ అదే మాట. వారిని అల్పవిశ్వాసులన్నాడు, నిజమే. కానీ ఆ మాట అన్న తరువాత లేచి గాలిని, సముద్రాన్ని గద్దించాడు. వారిలో ఒక్కరినీ పడవలో నుండి దించలేదు. అల్పవిశ్వాసమంటే విశ్వాసం కొంచెమే ఉన్నదని కదా, అసలు లేదని కాదు. ఆ పెద్దాయన ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చదివి ఉంటే మీతో ఆ మాట అనేవారు కారేమో.

పౌలు కొరింథీయులకు రాస్తూ, తాను "భయముతోను ఎంతో వణకుతోను" వారి దగ్గర ఉన్నానని దాచకుండా చెప్పుకున్నాడు. ఇక సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో ప్రభువే ఆ శ్రమల గిన్నె తన యొద్దనుండి తొలగిపోవాలని ప్రార్థించాడు. ఆయన చెమట రక్తబిందువుల వలె నేలమీద పడిందని లూకా రాశాడు. మీ అరచేతుల చెమటకు మీరు సిగ్గుపడనక్కరలేదు.

స్ముర్న పేరు వచ్చింది కాబట్టి అక్కడి సంగతి ఒకటి చెప్పాలి. క్రీ.శ. 155 ప్రాంతంలో ఆ ఊరి బిషప్పు పోలికార్పును రోమా అధికారులు చంపించారు. ఆ సంఘంవారు రాసిన ఉత్తరంలో క్వింటస్ అనే మరొకడి ప్రస్తావన కూడా ఉంది. అతడు ఎవరూ పట్టుకోకముందే తనంతట తానే ముందుకు వచ్చి, మరికొందరిని కూడా పురికొల్పి, చివరకు క్రూరమృగాలను చూడగానే బెదిరిపోయి క్రీస్తును కాదన్నాడు. పోలికార్పు మాత్రం తనవాళ్లు బతిమాలితే ఊరు విడిచి పొలాల్లో ఒక ఇంట్లో దాగాడు. అక్కడినుండి ఇంకో ఇంటికి మారాడు. పట్టుకోవడానికి వచ్చినవాళ్లకు భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట గడువు అడిగాడు. క్రీస్తును దూషించమన్నప్పుడు, 86 ఏళ్లుగా ఆయనను సేవిస్తున్నానని, ఆయన తనకు ఏ కీడూ చేయలేదని జవాబిచ్చాడు. దాగినవాడు నిలబడ్డాడు, ఎదురెళ్లినవాడు పడిపోయాడు. గృహప్రార్థనల్లో ధైర్యం గురించి గట్టిగా మాట్లాడేవారిని చూసినప్పుడల్లా నాకు క్వింటసే గుర్తుకు వస్తాడు. ఇది నా బలహీనత అనుకోండి.

(బైబిలులో "భయపడకుము" సరిగ్గా 365 సార్లు ఉందని వాట్సాప్‌లో తిరిగే లెక్క సరికాదు. దయచేసి దానిని ఈమెకు పంపకండి.)

జవాబు (మెదక్ నుండి)

పై జవాబులో కాదనవలసినది ఏమీ లేదు. అయితే భయం పాపం కాదని చెప్పి అక్కడితో వదిలేస్తే, సోదరికి రేపు రాత్రి రెండున్నరకు మళ్లీ అదే స్థితి. భయపడటం తప్పు కాకపోవచ్చు గాని, దానితోనే కాపురం చేయాలని కూడా లేదు కదా.

మా మెథడిస్టు పూర్వీకుడు జాన్ వెస్లీ 1736 జనవరిలో ఇంగ్లండు నుండి అమెరికాలోని జార్జియాకు ఓడలో వెళ్తున్నాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు, గురువుగా అభిషేకం పొందినవాడు, ఇతరులకు బోధించడానికి వెళ్తున్నవాడు. తుఫాను వస్తే చావు భయంతో వణికిపోయాడు. అదే ఓడలో జర్మనీ నుండి వచ్చిన మొరేవియన్ విశ్వాసులు ఉన్నారు. జనవరి 25న వారు సాయంకాల ఆరాధన మొదలుపెట్టి కీర్తన పాడుతుండగా సముద్రం ఓడ మీద విరుచుకుపడి, పెద్ద తెరచాపను ముక్కలు చేసి, పైతట్టు మీదుగా లోపలికి పోటెత్తింది. ఇంగ్లీషువాళ్లు కేకలు పెట్టారు. జర్మనులు తలెత్తి చూసి పాట కొనసాగించారు. తరువాత వెస్లీ వారిలో ఒకరిని, మీకు భయం వేయలేదా అని అడిగితే, దేవుని దయవల్ల లేదన్నాడు. మీ ఆడవాళ్లు, పిల్లలు కూడా భయపడలేదా అంటే, వారికి చావంటే భయం లేదని నెమ్మదిగా చెప్పాడు.

ఇందులో నేను గమనించినది ఏమిటంటే, వారు తుఫానును చూసి పాట అందుకోలేదు. రోజూ పాడే వేళకు పాడుతున్నారు, మధ్యలో తుఫాను వచ్చింది. సోదరి అర్ధరాత్రి ఒంటరిగా, ఒళ్లు వణుకుతున్నప్పుడు కీర్తన తెరిచి ధైర్యం తెచ్చుకోవాలని చూస్తున్నారు. అది చాలా కష్టం. రాత్రి భోజనాల తరువాత, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, భయం లేని వేళలోనే ఆ కీర్తనను గొంతెత్తి పాడండి. "లోయ" దగ్గర మీ గొంతు ఆగితే మిగిలినవారు "నీవు నాకు తోడై యుందువు" వరకు తీసుకువెళ్తారు. సంఘం ఉన్నది అందుకే. ఇంకొక మాట, ఆ ఓడ ప్రయాణం తరువాత వెస్లీకి హృదయంలో నెమ్మది దొరకడానికి 1738 మే 24 దాకా పట్టింది. రెండేళ్లు దాటింది. మూడు వారాల్లో కుదరలేదని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

జవాబు (హైదరాబాద్ నుండి, ఆపరేషన్ థియేటరు నర్సును)

అక్కా, పై ఇద్దరు అన్నలూ వాక్యం చెప్పారు, నేను థియేటరు తలుపు లోపలి మాట చెబుతాను. స్ట్రెచర్ మీద వచ్చే ప్రతివారి చేతినీ పట్టుకుంటాను కాబట్టి చెప్పగలను: విశ్వాసుల చేతులు కూడా చల్లగానే ఉంటాయి. నేనూ లోపలికి వెళ్లే ముందు చేతులు కడుక్కుంటూ ప్రార్థన చేసుకుంటాను.

మీ ప్రశ్నలో నా మనసు ఆగిపోయినది వచనం దగ్గర కాదు, మీ నాన్నగారి దగ్గర. ఆయనకు థియేటరులో ఏమి జరిగిందో మీకు తెలియదన్నారు. అది తప్పకుండా తెలుసుకోవాలి. కొన్ని కుటుంబాల్లో కొన్ని రకాల మత్తు వాయువులకు శరీరం విపరీతంగా స్పందించే గుణం వంశపారంపర్యంగా వస్తుంది. ముందుగా తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందులు ఎంచుకుంటారు. మీ నాన్నగారిది అదేనని నేను అనడం లేదు. ఆపరేషన్‌కు ముందు చేసే మత్తు పరీక్షలో ఈ సంగతిని మీరే నోరు తెరిచి చెప్పాలి, వాళ్లు అడిగేదాకా ఆగవద్దు. స్వరం గురించిన దిగులు ఉంటే అదీ సర్జనుతో చెప్పండి. స్వరపేటికకు వెళ్లే నరం ఆ గ్రంథి వెనుకగానే పోతుంది. మీరు పాఠాలు చెప్పేవారని, పాడేవారని ఆయనకు తెలిసి ఉండాలి.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందుగా ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చి, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు, అదీ రెండుసార్లు. అన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉన్నారంటే అదీ డాక్టరుతో చెప్పండి. నిద్రకు మందు ఇస్తే విశ్వాసం తగ్గిపోదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ వందనాలు. నిన్న రాత్రి మా పిల్లలతో కలిసి కీర్తన పాడాము. నేను అనుకున్నచోటే ఆగాను. చిన్నవాడు ఆగకుండా, రాగం తప్పినా, చివరిదాకా పాడేశాడు. అయినా రెండున్నరకు మెలకువ వచ్చింది. కాకపోతే ఈసారి లేచి దీపం వేయకుండా అలాగే పడుకున్నాను.

నర్సు చెల్లెలి మాట చదివాక పొద్దున్నే అమ్మను అడిగాను. పన్నెండేళ్లలో మేమిద్దరం ఆ రోజు గురించి మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి. మత్తు ఇచ్చిన కొద్దిసేపటికే నాన్న ఒళ్లు నిప్పులా కాలిపోయిందని లోపలినుండి వచ్చిన ఆయా చెప్పిందట. అమ్మ ఆ ఆసుపత్రి కాగితాలు పారేయలేదు, ఇనుప పెట్టెలో పెళ్లి చీర కింద పెట్టింది. అందులో ఒక కాగితం మీద ఇంగ్లీషులో గిలికిన నాలుగు వరుసలు ఉన్నాయి, నాకు అర్థం కాలేదు. శుక్రవారం మత్తు పరీక్షకు దానిని తీసుకువెళ్తున్నాను. అమ్మ కూడా వస్తానంటోంది.