అప్‌డేట్: ‘సంసంజనం’ అంటే ఏమిటని అడిగాను కదా, అర్థమైంది

సంసంజనం, ఆసంజనం రెండూ అంటుకోవడమే అయితే తేడా ఏమిటని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఒకే పదార్థపు అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటే సంసంజనం, వేరే పదార్థాన్ని పట్టుకుంటే ఆసంజనం. మీరు చెప్పినట్టే గాజు పలక మీద నీటిచుక్క వేసి చూశాను, ఆసంజనం ఎక్కువై పలచగా పరుచుకుంది. అదే పలకకి కొవ్వొత్తి మైనం రుద్ది వేస్తే సంసంజనం ఎక్కువై ముత్యంలా గుండ్రంగా నిలబడింది! పాదరసమైతే ఉత్త గాజు మీదే అలా నిలుస్తుంది.

నాకు ఇంకా నచ్చింది ఈ మాటల సంస్కృత ధాతువు (మూలం) సంగతి. ‘సంజ్’ అంటే అంటుకోవడం. ఆసక్తి, ప్రసక్తి, ప్రసంగం కూడా దాన్నుంచే పుట్టాయి. ఆసక్తి అంటే మనసు దేన్నో అంటిపెట్టుకోవడం అన్నమాట! సంసంజనాన్ని ఇంగ్లీషులో cohesion అంటారు, వ్యాసంలో వాక్యాలు ఒకదానితో ఒకటి కలిసి నడవడానికీ అదే మాట. దానికి మాత్రం నేను ‘పొందిక’ అనే రాస్తాను, చెవికి హాయిగా ఉంది.