శ్రమకాలంలో శోధనను ఎలా ఎదుర్కొంటున్నారు? అనుభవాలు చెప్పండి

రాత్రి‌డ్యూటీ_తమ్ముడు:
అందరికీ వందనాలు. ఫోన్‌లో చెడ్డ వీడియోలు ఇక చూడనని, ఈస్టర్ ముందు ఉపవాసాలుండే ఈ శ్రమకాలం మొదలైన భస్మ బుధవారం నాడు తీర్మానం చేసుకున్నాను. తొమ్మిది రోజులు నిలబడ్డాను. పదో రోజు డ్యూటీ నుంచి వచ్చాక, ఇంట్లో అందరూ పడుకుని ఉంటే మళ్లీ చూశాను. ఆదివారం గుడిలో ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి చెయ్యి వేయలేకపోయాను. ఉపవాసం ఉంటే ఈ కోరిక తగ్గుతుందా? నా భార్యకు చెప్పాలా, పాస్టర్‌గారికి చెప్పాలా?

గుంటూరు_అక్క:
పాస్టర్‌కి మాత్రం చెప్పకు తమ్ముడూ. బంగారం మీద ఆశతో ఇంట్లో తెలియకుండా అప్పు చేశానని ఏడ్చుకుంటూ మా అయ్యగారికి చెప్పాను. తర్వాతి ఆదివారం ప్రసంగంలో అదే ఉదాహరణ. పేరు ఎత్తలేదు, కానీ మా వరసలో వాళ్లంతా నా వైపే తిరిగి చూశారు. నాలుగేళ్లయింది, ఆ గుడి మెట్లు ఎక్కలేదు.

మారుమనస్సు_2011:
నాది మందు. 2011లో బాప్తిస్మం తీసుకున్నాక కూడా రెండేళ్లు దొంగచాటుగా తాగాను. పని నుంచి ఇంటికి వచ్చే దారిలోనే వైన్‌షాపు. ప్రార్థన చేసుకుంటూ రోజూ దాని ముందు నుంచే వెళ్లేవాణ్ణి, పడిపోయేవాణ్ణి. బైబిల్లో యోసేపు, తనను పాపానికి పిలిచిన పోతీఫరు భార్య ముందు నిలబడి ప్రార్థన చేయలేదు, వస్త్రం ఆమె చేతిలో వదిలేసి పారిపోయాడు. అది అర్థమయ్యాక చెరువుగట్టు మీదుగా రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టాను. ఆ ఏడాదే శ్రమకాలంలో మాంసం కూడా మానేశాను, 40 రోజులు, ఆదివారాలు తప్ప.

వాక్యధ్యానం:
ఆదివారాలు తప్ప ఏమిటి బ్రదర్? ప్రభువు అరణ్యంలో 40 రోజులు ఉపవాసం ఉన్నప్పుడు ఆదివారం సెలవు తీసుకున్నాడా?

లూథరన్_పాలెం:
లెక్క తెలుసుకుని మాట్లాడండి. 2025లో భస్మ బుధవారం మార్చి 5, ఈస్టర్ ఏప్రిల్ 20. మధ్యలో 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం ఉండరు. మా తాతల నుంచీ ఇదే.

వాక్యధ్యానం:
22 ఏళ్లుగా వాక్యపరిచర్యలో ఉన్నాను. మీ తాతల సంగతి వద్దు, భస్మ బుధవారం బైబిల్లో ఎక్కడుందో చూపించండి. ఆరు రోజులు నోరు కట్టుకుని ఏడో రోజు మటన్ కోసం ఎదురుచూడటం ఆశను చంపడమా, పెంచడమా?

లూథరన్_పాలెం:
తినే విషయంలో, పండుగ విషయంలో ఎవరూ తీర్పు తీర్చకూడదని కొలస్సీ 2:16లో ఉంది. 22 ఏళ్లలో ఆ వచనం కంటపడలేదా?

మారుమనస్సు_2011:
నేను మందు గురించి చెప్తే మీరు మటన్ దగ్గర ఆగిపోయారు.

తపస్సుకాలం_శుక్రవారం:
అక్కా, మీ బాధ చదివి మనసు కలుక్కుమంది. మా కతోలిక గుడిలో పాపసంకీర్తనంలో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు, ప్రాణం పోయినా సరే. ఆ ధైర్యంతోనే నేను చెప్పుకోగలిగాను.

వాక్యధ్యానం:
దేవుడి దగ్గర ఒప్పుకుంటే చాలు, మధ్యలో మనిషి ఎందుకు?

గుంటూరు_అక్క:
యాకోబు 5:16 చదవండి అయ్యగారూ. ఒకరితో ఒకరు ఒప్పుకోమనే ఉంది. విన్నవాళ్లు నోరు అదుపులో పెట్టుకోకపోతేనే మాలాంటివాళ్లు గుడికి దూరమయ్యేది.

కోడలుపిల్ల:
యాకోబు 1:14 కూడా చూడండి. స్వకీయమైన దురాశ అని ఉంది. నేను ప్రతిదీ సాతాను మీదికి నెట్టేసేదాన్ని. చీరల యాప్ తెరిచింది నా వేలే. తీసేశాక మొదటి వారం చేతులు ఆడలేదు. తమ్ముడూ, పడుకునే గదిలో ఫోన్ పెట్టుకోకు. ముందు అది చెయ్యి.

రాత్రి‌డ్యూటీ_తమ్ముడు:
నిన్న రాత్రి ఫోన్ వంటింట్లో పెట్టి, నా భార్యకు చెప్పేశాను. చాలాసేపు ఏడ్చింది. పొద్దున టిఫిన్ పెట్టింది గానీ మాట్లాడలేదు. ఇప్పుడు డ్యూటీకి బయలుదేరుతున్నాను. మా ఇద్దరి కోసం ప్రార్థన చేయండి.