మొక్కుకున్న ఎకరం: ముందుచూపు అవిశ్వాసమా?

పరకాల తమ్ముడు:
అందరికీ వందనాలు. ఈమధ్య మా బాపుకి గుండె ఆపరేషన్ అయింది. బతికి బయటపడ్డాడు, దేవునికి స్తోత్రం. ఇంటికొచ్చాక మొదటి ఆదివారమే సంఘంలో లేచి సాక్ష్యం చెప్తూ, "ఉన్న రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మి మందిర నిర్మాణానికి ఇస్తా" అని మొక్కుకున్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు. అమ్మ మాత్రం తల దించుకొని కూర్చుంది. చెల్లి నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉంది, ఇంకా ఫీజులు కట్టాలి. ఆపరేషన్‌కి తెచ్చిన అప్పుకు మిత్తి నడుస్తోంది. "బాపూ, ఒక్కసారి ముందూ వెనకా ఆలోచిద్దాం" అన్నందుకు "దేవుడిచ్చిన ప్రాణానికి లెక్కలు కడతావా" అన్నాడు. అప్పట్నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ముందు సంగతి ఆలోచించమనడం అవిశ్వాసమా?

కాజీపేట విశ్వాసి:
తమ్మీ, బాధపడకు గానీ నేను మీ బాపు వైపే. రేపటి గురించి చింతించొద్దని ప్రభువే చెప్పాడు (మత్తయి 6). తొలి సంఘంలో బర్నబా అనే విశ్వాసి పొలం అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. మొక్కుకొని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5లో ఉంది. చావు అంచు దాకా పోయొచ్చిన మనిషి మనసులో ఏముందో మనకేం తెలుసు? పైగా మనం క్రైస్తవులం. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో తండ్రి ఆస్తి మీద పిల్లలకు పుట్టుకతో వచ్చే వాటా అంటూ లేదు. హక్కు ఆయనది, మొక్కు ఆయనది.

జనగామ రైతు:
హక్కు సంగతి సరే. ముందు అది మామూలు పట్టానా, లావణి పట్టానా చూడు. లావణి అంటే సర్కారు పేదలకు అసైన్ చేసిన (ఇచ్చిన) భూమి. అదైతే 1977 చట్టం కింద అమ్మడానికే వీల్లేదు, కొన్నవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు మందిరం డబ్బు కాస్తా కేసుల పాలవుతుంది. రెండెకరాలుంటే ఒకదాంట్లో మిర్చి, ఒకదాంట్లో వరి వేసుకుంటాం. ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి నిలబెడుతుంది. ఒక్క ఎకరమే మిగిలితే, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు పడిపోయిన ఏడు ఏం తింటారు? పోయిన భూమి మళ్లీ కొనలేం తమ్మీ.

హన్మకొండ టీచరక్క:
కాజీపేట అన్నా, మొక్కు మాట ఎత్తారు కాబట్టి న్యాయాధిపతులు 11 కూడా చదవాలి. యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ముందు ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని మొక్కింది యెఫ్తా, ఎదురొచ్చి దాన్ని మోసింది ఆయన కూతురు. మొక్కేముందు ఆమెను ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో చెల్లినీ ఎవరూ అడగలేదు.

లేవీయకాండం 27 ఇంకా తేటగా ఉంది. ఒకడు తన పొలంలో కొంత దేవునికి ప్రతిష్ఠించి, తర్వాత విడిపించుకోవాలనుకుంటే దాని వెలకు ఐదో వంతు కలిపి చెల్లిస్తే చాలు, పొలం అతనిదే. అంటే ఊపులో మొక్కుకున్న మనిషికి ధర్మశాస్త్రమే ఒక దారి ఉంచింది. ఇంటివాళ్లు రోడ్డున పడాలని దేవుడు ఎక్కడా అడగలేదు.

మన దోర్నకల్ సంగతే చూడండి. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి డయాసిస్‌లో (ఆయన కింద ఉన్న సంఘాల్లో) ఎక్కువమంది పల్లెల్లోని పేదవాళ్లే. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఆడవాళ్లు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేరున పక్కన పెట్టేవాళ్లు. పిడికెడు తీస్తే ఇంట్లో పొయ్యి ఆరిపోదు, రేపు మళ్లీ ఇంకో పిడికెడు తీయొచ్చు. ఇవ్వడంలో ముందుచూపు అంటే నాకు అదే గుర్తొస్తుంది.

కాజీపేట విశ్వాసి:
అక్కా, యెఫ్తా మాట ఒప్పుకుంటా. కానీ ఈ లెక్కలకు అంతెక్కడ? ముందూ వెనకా చూసుకుని ఉంటే మా తాత బాప్తిస్మమే తీసుకునేవాడు కాదు. దొర ఆయన్ని పనిలోంచి తీసేశాడు. క్రైస్తవులమైనందుకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల మాకు ఎస్సీ సర్టిఫికెట్ రాదు, వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అని రాయించుకుంటాం. ఆ నష్టం మా నాన్న మోశాడు, నేను మోస్తున్నా, రేపు నా కొడుకూ మోస్తాడు. అయినా తాత తప్పు చేశాడని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. పిల్లల మీద భారం పడుతుందని ఆయన ఆగిపోతే ఈ విశ్వాసం నా దాకా వచ్చేదే కాదు.

ములుగు పాస్టర్:
వందనాలు అన్నా. మీ తాతగారికి తల వంచి నమస్కరిస్తున్నా. ఆయన ముందున్నది క్రీస్తును ఒప్పుకోవడమా, కాదనడమా అన్న ప్రశ్న. అక్కడ నష్టమెంతో తెలిసినా వెనక్కి తగ్గేది లేదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని యేసు అడిగింది కూడా (లూకా 14) శిష్యులు కావాలనుకునేవాళ్లనే. ఈ ఎకరం అలాంటిది కాదు. ఈ ఏడు స్లాబ్ పడకపోతే వచ్చే ఏడు పడుతుంది, అప్పటిదాకా రేకుల కింద ఆరాధన చేసుకుంటాం. ఆ అమ్మాయి చదువు మధ్యలో ఆగితే మళ్లీ ఎవరు చదివిస్తారు?

నా సంఘంలో ఎవరైనా ఇలా లేచి చెప్తే ఆ రోజు ఒప్పుకోను. ఇంటికెళ్లి భార్యాపిల్లలతో కలిసి ప్రార్థన చేసుకుని రమ్మంటా. తమ్ముడూ, ఇంకొకటి కనుక్కో. ఆ మందిరం స్థలం ఎవరి పేరు మీద ఉంది? సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించారా, లేక అది పాస్టర్ గారి సొంత పేరు మీద ఉందా? ఆయన పేరు మీదుంటే ఆయన తర్వాత అది వాళ్ల పిల్లల ఆస్తి అయిపోతుంది. నేనూ పాస్టర్‌నే కాబట్టి చెప్తున్నా, ఈ ప్రశ్నకు నొచ్చుకునేవాళ్లకు మీ ఎకరం ఇవ్వొద్దు.

పరకాల తమ్ముడు:
పాస్‌బుక్ తీసి చూశాం, లావణి కాదు, పట్టా భూమే. లేవీయకాండం 27 చదివి వినిపిస్తే బాపుకి ముందు కోపం వచ్చింది. తర్వాత బైబిల్ తన చేతికి తీసుకుని మళ్లీ చదివాడు. మొక్కు మాత్రం వెనక్కి తీసుకోనంటున్నాడు. ఎంత, ఎప్పుడు అన్నది మాట్లాడదాం అన్నాడు. తనకు ఉద్యోగం వచ్చాక ఇద్దామని చెల్లి అంటే దానికి ఇంకా జవాబు చెప్పలేదు. మందిరం స్థలం సంగతి మా సంఘ పాస్టర్ అయ్యగారిని అడిగే పని నా మీద పడింది. సంఘ పెద్దల ముందు అడగాలా, విడిగా కలిసి అడగాలా? ములుగు పాస్టర్ గారూ, ఇది కాస్త చెప్పండి.