బో జాక్సన్ రెండు ఆటలు ఆడి తప్పు చేశాడా?

షార్లెట్ నాన్న:
మావాడు తొమ్మిదో క్లాసు. సాకర్ ఆడతాడు, వసంతకాలంలో ట్రాక్ మీద పరుగెత్తుతాడు. పోయిన వారం క్లబ్ కోచ్ నన్ను పక్కకి పిలిచి, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏ కాలేజీ వాళ్లూ మీవాడి వైపు చూడరు, ఒకటి వదిలేయండి అన్నాడు. (ఆయన ఇంగ్లీషులో అన్నాడు, పడవలు నావి.) ఆ చిరాకులో ఇంటికొచ్చి రాత్రంతా బో జాక్సన్ పాత వీడియోలు చూశాను. ఆబర్న్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్ మూడూ ఆడిన మనిషి. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాలే. 1985లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ కొట్టాడు. తర్వాత ప్రొఫెషనల్‌గా కూడా బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడాడు. 28 ఏళ్లకే తుంటి పోయింది. ఒక్క ఆటే పట్టుకుని ఉంటే ఇంకెంత ఎత్తుకు వెళ్లేవాడో కదా? మీరేమంటారు?

కవర్‌డ్రైవ్_హైదరాబాద్:
అన్నా, ఇందులో చర్చేముంది? రెండు కుందేళ్ల వెంట పడితే ఒక్కటీ దొరకదు. సచిన్ క్రికెట్‌తో పాటు టెన్నిస్ కూడా ఆడి ఉంటే ఏమయ్యేది?

ఆబర్న్ పాత స్టూడెంట్:
కవర్‌డ్రైవ్ గారూ, బోకి రెండు కుందేళ్లూ దొరికాయి. 1989లో బేస్‌బాల్ ఆల్‌స్టార్ మ్యాచ్‌లో (ఆ ఏటి మేటి ఆటగాళ్ల మ్యాచ్) మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అతనే. 1990 సీజన్‌కి ప్రో బౌల్‌కీ, అంటే ఫుట్‌బాల్‌లోని ఆల్‌స్టార్ మ్యాచ్‌కీ ఎంపికయ్యాడు. రెండు ఆటల్లోనూ ఆ స్థాయికి చేరిన మొదటి మనిషి.

నేను ఆబర్న్‌లో ఎంఎస్ చేశాను. స్టేడియం బయట అతని విగ్రహం ఉంది, మ్యాచ్ రోజు దాని ముందు ఫొటోల కోసం పెద్ద క్యూ. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతా. 1982లో, హైస్కూల్ అయిపోగానే న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టువాళ్లు డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) అతన్ని రెండో రౌండ్‌లో తీసుకున్నారు. డబ్బు ఎదురుగా ఉంది. వాళ్లమ్మకి పదిమంది పిల్లలు, ఇతను ఎనిమిదోవాడు. ఆమెకు కొడుకు కాలేజీ మెట్లెక్కాలని ఉంది. యాంకీస్‌ని కాదని ఆబర్న్ వచ్చాడు. నాలుగేళ్లలో ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని 4,303 గజాలు పరుగెత్తాడు. 1985లో బేస్‌బాల్‌లో .401 సగటు (పదిసార్లలో నాలుగుసార్లు హిట్ కొట్టినట్టు), 17 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి). అదే ఏడాది హైస్‌మన్. కాలేజీ వరకు చూస్తే ఏ ఆట ఏ ఆటకి అడ్డం వచ్చింది?

లెక్కల మాస్టారు:
అడ్డం వచ్చింది. కాలేజీలో కనపడలేదు, తర్వాత కనపడింది. బేస్‌బాల్‌లో బంతి పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) చేతి నుంచి వచ్చేలోపు అది తిరిగేదా, తిన్నగా వచ్చేదా అని పోల్చుకోవాలి. అది కండబలంతో వచ్చే విద్య కాదు, వేల బంతులు ఎదుర్కొంటేనే వస్తుంది. బో 1984లో ట్రాక్ కోసం బేస్‌బాల్ సీజనే మానేశాడు. 1986లో కాన్సాస్ సిటీ రాయల్స్ బేస్‌బాల్ జట్టు తీసుకున్నాక చిన్న లీగుల్లో ఆడింది 53 మ్యాచ్‌లే. ఫలితం చూడండి: 1989లో 32 హోమ్ రన్లు కొట్టాడు, నిజమే. అదే ఏడాది 172 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు (బంతి కొట్టలేక అవుటయ్యాడు), ఆ లీగులో అందరికన్నా ఎక్కువ. కెరీర్ మొత్తం సగటు .250. మనమంతా చూసేది హోమ్ రన్ వీడియోలు. స్ట్రైకౌట్ వీడియోలు ఎవరు పెడతారు?

షార్లెట్ నాన్న:
మాస్టారూ, ఇది మా కోచ్‌కి దొరికితే ప్రింట్ తీసి గోడకి అంటిస్తాడు.

ఫిజియో పద్మ:
తుంటి విషయంలో అందరూ పొరబడుతున్నారు, అందుకే రాస్తున్నా. అది ఎక్కువ ఆటలు ఆడి అరిగిపోయిన తుంటి కాదు. 1991 జనవరి 13న సిన్సినాటి బెంగాల్స్‌తో ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్. బంతి పట్టుకుని పరుగెడుతుంటే వెనక నుంచి పట్టుకుని లాగారు. తొడ ఎముక తల గిన్నెలోంచి జారింది. ఆ తలకి రక్తం తెచ్చే నాళాలు చాలా సన్నవి. అవి దెబ్బతింటే ఎముక లోపల్లోపలే చచ్చిపోతుంది. ఏవీఎన్ అంటాం. కోవిడ్ తర్వాత స్టెరాయిడ్లు ఎక్కువ వాడిన కొంతమందికి వచ్చిందని మన పేపర్లలో రాశారు, గుర్తుందా? అదే. కారణం వేరు, ఎముకకి జరిగేది ఒకటే.

అంటే ఒక్క ఫుట్‌బాలే ఆడినా ఆ ట్యాకిల్ అలాగే పడేది. రెండు ఆటల్ని తప్పుపట్టకండి. తప్పుపట్టాలంటే ఆ ఒక్క ఆటని తప్పుపట్టండి.

కవర్‌డ్రైవ్_హైదరాబాద్:
మేడమ్, నేనూ అదే అంటున్నా! ఒక్క బేస్‌బాల్ ఆడి ఉంటే ఆ ట్యాకిలే ఉండదు కదా.

ఆబర్న్ పాత స్టూడెంట్:
బేస్‌బాల్‌లోనూ దెబ్బలు తిన్నాడు బ్రదర్. 1990 జులైలో యాంకీ స్టేడియంలో వరసగా మూడు హోమ్ రన్లు కొట్టి, అదే మ్యాచ్‌లో బంతి కోసం డైవ్ చేసి భుజం పోగొట్టుకున్నాడు. బంతి కొట్టింది డియాన్ శాండర్స్. అతనూ రెండు ఆటల వీరుడే, చూడండి విచిత్రం. ఆగస్టులో తిరిగొచ్చి ఆడిన మొదటి బంతుల్లోనే పిచ్చర్ రాండీ జాన్సన్ మీద ఇంకో హోమ్ రన్.

అసలు ఫుట్‌బాల్‌కి ఎలా వెళ్లాడో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. 1986లో టాంపా బే ఫుట్‌బాల్ జట్టు అతన్ని తమ విమానంలో రప్పించుకుంది. రూల్స్ ప్రకారం ఇబ్బంది లేదని చెప్పారట. తీరా చూస్తే ఆ ప్రయాణం వల్ల కాలేజీ బేస్‌బాల్ చివరి సీజన్ మధ్యలోనే అనర్హుడయ్యాడు. కావాలనే చేశారని బో నమ్మాడు. మీరు తీసుకున్నా నేను ఆడను అన్నాడు. వాళ్లు డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు తీసుకున్నారు, ఇతను నిజంగానే ఆడలేదు. 70 లక్షల డాలర్లకు పైగా వదిలేసి, పది లక్షల చిల్లరకి రాయల్స్‌లో చేరాడు. మన ఇళ్లలో ఏ పిల్లాడైనా ఈ పని చేస్తే బంధువులంతా వరస కట్టి వచ్చి పరామర్శించేవాళ్లు.

మరుసటి ఏడాది రైడర్స్ అనే ఫుట్‌బాల్ జట్టువాళ్లు ఏడో రౌండ్‌లో, 183వ పేరుగా తీసుకుని, బేస్‌బాల్ సీజన్ అయ్యాకే రా, చాలు అన్నారు. అందుకే నాలుగు సీజన్లలో ఆడింది 38 మ్యాచ్‌లే. అంత కొద్ది మ్యాచ్‌ల్లోనే 2,782 గజాలు.

చెన్నపట్నం తెలుగోడు:
ఒక్కటే ఎంచుకోమనే వాళ్ల కోసం మా ఊరి కథ. ఎం.జె. గోపాలన్ క్రికెట్‌లోనూ హాకీలోనూ దేశానికి ఆడాడు. 1935లో ధ్యాన్‌చంద్‌తో న్యూజిలాండ్ వెళ్లాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్, ఇంగ్లాండ్ క్రికెట్ టూర్ రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. హాకీ వదిలి క్రికెట్ ఎంచుకున్నాడు. హాకీ జట్టు బంగారు పతకంతో తిరిగొచ్చింది. ఈయన్ని ఇంగ్లాండ్‌లో ఒక్క టెస్టులోనూ ఆడించలేదు. ఒక్కటే ఎంచుకో అనడం తేలికే. ఏ ఒక్కటి అన్నది ఎవరికి తెలుసు?

కవర్‌డ్రైవ్_హైదరాబాద్:
ఈ గోపాలన్ సంగతి నాకు తెలియదు. పాపం.

లెక్కల మాస్టారు:
గోపాలన్‌కి క్యాలెండర్ అడ్డం వచ్చింది, అది వేరు. నా మాట ప్రాక్టీసు గురించి. పద్మగారి తుంటి వివరణ ఒప్పుకుంటున్నా. కానీ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒక ఆట, వెంటనే రెండోది. తప్పులు దిద్దుకోవడానికి ఖాళీ ఏది?

ఆబర్న్ పాత స్టూడెంట్:
దిద్దుకుంటున్నాడు మాస్టారూ, అదే బాధ. సగటు 1987లో .235, 1990లో .272. ఎక్కుతున్న మెట్టు మీద ఉండగా తుంటి పోయింది. రాయల్స్ 1991 మార్చిలో వదిలేశారు. 1992లో కృత్రిమ తుంటి వేయించుకున్నాడు. 1993లో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు తరఫున దిగి, మొదటి బంతి కొట్టే అవకాశంలోనే హోమ్ రన్. ఆ ఏడాది మొత్తం 16. మెటల్ తుంటితో!

ఫుట్‌బాల్ మీద ఇప్పుడతని అభిప్రాయమేంటో కూడా చెప్పాలి కదా. తల దెబ్బల ప్రమాదం ముందే తెలిసుంటే ఫుట్‌బాల్ ఆడేవాణ్నే కాదని 2017లో అన్నాడు. అతని విచారం రెండు ఆటలు ఆడినందుకు కాదు, ఫుట్‌బాల్ ఆడినందుకు. డిగ్రీ 1995లో పూర్తి చేశాడు. అమ్మకి మాటిచ్చాడట. ఆమె అప్పటికి లేదు.

ఫిజియో పద్మ:
షార్లెట్ నాన్న గారూ, మీవాడి సంగతి. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఏడాది పొడుగునా ఒకే ఆట ఆడి, ఒకే మోకాలు, ఒకే భుజం అరగదీసుకున్నవాళ్లే ఎక్కువ. తొమ్మిదో క్లాసులో ట్రాక్ మాన్పించాల్సిన అవసరం నాకైతే కనపడటం లేదు. పరుగు సాకర్‌కి పనికిరాదని ఆ కోచ్ ఎలా అన్నాడో!

షార్లెట్ నాన్న:
అనలేదు మేడమ్. ఏప్రిల్‌లో వాళ్ల క్లబ్ టోర్నమెంట్లు ఉన్నాయి. అదీ అసలు సంగతి. ఇప్పుడు మీరంటే వెలిగింది.

కవర్‌డ్రైవ్_హైదరాబాద్:
😂 ఫీజు ఎంత తీసుకుంటారన్నా?

లెక్కల మాస్టారు:
సరే, సగం వెనక్కి తీసుకుంటున్నా. తుంటికి రెండు ఆటలు కారణం కాదు, ఒప్పుకున్నా. 172 స్ట్రైకౌట్లు మాత్రం వెనక్కి తీసుకోను.