1953 నాటి తెలుగు పేపర్లు ఎక్కడ దొరుకుతాయండీ?

అందరికీ నమస్కారం. మా అమ్మ పుట్టింది 1953 అక్టోబర్‌లో, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నెలలోనే. వచ్చే పుట్టినరోజుకి ఆ ఏడాది విశేషాలన్నీ ఫొటోలతో ఒక చిన్న పుస్తకంలా చేసి ఇద్దామనుకుంటున్నా, మీ సాయం కావాలి.

ప్రపంచం సంగతులు బాగానే దొరికాయి. మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కితే ఆ కబురు లండన్‌లో జూన్ 2న, సరిగ్గా ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజు పేపర్లో వచ్చింది. జూలై 27న కొరియాలో కాల్పులు ఆగాయి. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన టోనీ బ్లెయిర్ పుట్టింది కూడా ఆ ఏడాదే. నన్ను బాగా కదిలించింది మాత్రం మార్చి 5, స్టాలిన్ చనిపోయిన రోజే మాస్కోలో ప్రొకోఫీవ్ అనే గొప్ప సంగీతకారుడు కూడా పోయాడు, పూలన్నీ స్టాలిన్‌కే వెళ్ళిపోయి ఆయనకి పెట్టడానికి పూలు కూడా దొరకలేదంట, పాపం. దీనికి ఒక పేజీ మొత్తం ఇచ్చేస్తా.

చిక్కంతా మన దగ్గరి సంగతులతోనే. అక్టోబర్ 1న నెహ్రూ గారు కర్నూలు వచ్చి రాష్ట్రాన్ని ప్రారంభించడం, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అవ్వడం, బిల్డింగులు చాలక గుడారాల్లో ఆఫీసులు నడపడం, వీటికి క్లియర్‌గా ఉన్న ఫొటోలు దొరకట్లేదు. అక్టోబర్ 2 నాటి ఆంధ్రపత్రిక గానీ ఆంధ్రప్రభ గానీ మొదటి పేజీ ఏ లైబ్రరీలో చూడొచ్చు, ఫొటో తీసుకోనిస్తారా? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరైనా ఆ గుడారాల్లో పనిచేసి ఉంటే వాళ్ళు చెప్పిన నాలుగు మాటలైనా రాయండి ప్లీజ్, పేరు వేయమంటే వేస్తా, వద్దంటే వేయను.