అతికించిన కాగితం లేచిపోతోంది, ఏం చేయాలి?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 20 ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాశాను, తెలుగులోనూ ఒడియాలోనూ. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, ప్లైవుడ్ మీద అమ్మ పాత చీరముక్కలు, నాన్న కిరాణా పద్దుల కాగితాలు అతికించి అక్రిలిక్ రంగులు వేస్తున్నాను. ఇప్పుడు విశాఖలో ప్రదర్శనకు ఐదు అడిగారు.

చిక్కంతా జిగురుతోనే. గుడ్డ మీద సంప్రదాయ బొమ్మలు వేసే పటచిత్రాలవారు ఆ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దపొడి పూస్తారు కదా అని నేనూ అదే వాడాను. గుడ్డ బాగానే పట్టింది. ఈ వానలకు కాగితం అంచులు మాత్రం అప్పడంలా లేచాయి, 'బాకీ రూ.12' అన్న నాన్న రాత పక్కనే ఆకుపచ్చ బూజు!

బూజు పట్టకుండా, పుస్తకాలు కుట్టేవారిలా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపితే రంగులు చెడతాయా? బూజు పట్టిన కాగితం చిరగకుండా ఊడదీయడం ఎలా? దానికి నకలు లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.