లక్ష్మణ్ గీసిన సామాన్యుడు నోరు విప్పకపోవడం గొప్పేనా?

పాకాల డ్రాయింగ్ మాష్టారు:
తిరుపతిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంటాను. కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ పాకెట్ కార్టూన్లు (పేపర్లో వచ్చే చిన్న బొమ్మలు) చూపిస్తే ఒక పాప, "ఈ తాత ఏమీ మాట్లాడడేం సార్?" అంది. న్యాయమైన ప్రశ్న. ఆ తాతే లక్ష్మణ్ సామాన్యుడు. 1951 నుంచి టైమ్స్ ఆఫ్ ఇండియాలో పంచె, గళ్ల కోటుతో నిలబడి అంతా చూశాడు, ఒక్క మాట అనలేదు. అన్యాయాన్ని చూస్తూ ఊరుకునేవాణ్ణి సామాన్యుడికి గుర్తుగా నేను ఒప్పుకోను.

చిత్తూరు చదువరి:
మాష్టారూ, ఆయన మాట్లాడితే మంత్రి మాట మనకు వినపడదు. ఆ కార్టూన్లలో మాటంతా పెద్దవాళ్లదే, వాళ్ల నోటితోనే వాళ్లు దొరికిపోతారు. ఇంకో సంగతి. మొదట్లో లక్ష్మణ్ ఒక్కో రాష్ట్రం మనిషిని ఒక్కో వేషంలో గీసేవాడు. రోజూ పేపరుకు టైముకు ఇవ్వాలి కదా, ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి ఈయన మిగిలాడు. ఏ భాషా మాట్లాడడు కాబట్టే మైసూరులో పుట్టిన ఆర్టిస్టు బొంబాయిలో గీసిన మనిషి మన చిత్తూరు వాడిలా కూడా కనిపిస్తాడు.

తిరుచానూరు రోడ్డు:
ఎమర్జెన్సీలో అబూ అబ్రహం గీసింది గుర్తు తెచ్చుకోండన్నా. 1975 డిసెంబరు, ఇండియన్ ఎక్స్‌ప్రెస్. రాష్ట్రపతి స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి ఇస్తూ, ఇంకేమైనా ఉంటే కాసేపు ఆగమనండి అంటాడు. దెబ్బ ఎవరికి తగిలిందో దేశమంతటికీ తెలుసు. లక్ష్మణ్ పాకెట్ కార్టూన్లో మంత్రికి చాలాసార్లు పేరే ఉండదు. ఏ మంత్రీ అది తనే అనుకోడు.

చిత్తూరు చదువరి:
పేరున్నవాళ్లను ఆయన పెద్ద కార్టూన్లలో వదల్లేదు తమ్ముడూ, నెహ్రూ, ఇందిర అందరూ ఉన్నారు. పాకెట్ కార్టూన్ పని వేరు. మంత్రి మారినా గుంతల రోడ్డు అట్లే ఉంటుంది, ఆయన గీసింది దాన్ని. అయినా మీరు చెప్పిన అబూ కార్టూన్లోనూ మాట్లాడింది రాష్ట్రపతే, సామాన్యుడు కాదు!

పాకాల డ్రాయింగ్ మాష్టారు:
అది ఒప్పుకుంటాను. కానీ 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునిగినప్పుడు జనం నోరు విప్పి అడిగారు. వాళ్లను మూగవాళ్లుగా గీయమని పిల్లలకు చెప్పలేను. ఈనాడులో శ్రీధర్ పాకెట్ కార్టూన్లలో మామూలు మనుషులు మాట్లాడేవాళ్లు, అవీ చూపిస్తాను. నీళ్లు నిలిచిన రైల్వే అండర్‌బ్రిడ్జిని ఇద్దరి పద్ధతిలోనూ గీయమంటాను.